కాలితో తొక్కాలా? చేతితో తిప్పాలా?

బ్యాటరీ సైకిలు కొనేవారు తేల్చుకోవలసిన ప్రశ్న

విశాఖపట్నం: బీచ్ రోడ్డు మీద ఏ బ్యాటరీ సైకిలయినా హాయిగానే పోతుంది. దాని సత్తా తేలేది పాండురంగపురం డౌన్ ఎక్కి సిరిపురం వైపు వచ్చేటప్పుడే. సగం దారిలో ఛార్జింగు అయిపోయిందా, ఆ బరువైన బండిని ఎండలో నెట్టుకు రావలసిందే. అందువల్ల కొనే ముందు చూడవలసింది రంగూ హంగూ కాదు. మోటారును నడిపేది కాలా, చెయ్యా అన్నది.

పెడల్ తొక్కుతున్నంతసేపే మోటారు సాయపడే పద్ధతిని పెడల్ అసిస్ట్ అంటారు. తొక్కడం ఆపితే మోటారూ ఆగుతుంది. జపానుకు చెందిన యమహా కంపెనీ 1993లో ఇటువంటి సైకిలును మార్కెట్లోకి తెచ్చింది. రెండవ పద్ధతి థ్రాటిల్. స్కూటరుకు మల్లే చేతిపిడి తిప్పితే చాలు, కాళ్లు కదపనక్కర లేదు. మన దుకాణాలలో దొరికే సైకిళ్లలో అనేకం ఈ రెండు సదుపాయాలూ కలిగి ఉంటున్నాయి.

మెట్ట దగ్గర లెక్క

మనిషీ సైకిలూ కలిసి 100 కిలోలనుకుందాం. 20 అడుగులకు ఒక అడుగు చొప్పున లేచే రోడ్డుపై గంటకు 15 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే సుమారు 240 వాట్ల శక్తి కావాలి. చేతిపిడి తిప్పి కూర్చుంటే ఆ భారమంతా మోటారు మీదే పడుతుంది. మనిషి తొక్కి 80 వాట్లు అందిస్తే మోటారుకు మూడవ వంతు భారం తగ్గుతుంది. అదే ఛార్జింగుతో ఒకటిన్నర రెట్లు దూరం పోవచ్చు.

పెడల్ సాయంలోనూ తేడాలున్నాయి. చౌక రకాలలోని సెన్సర్ పెడల్ తిరుగుతున్నదా లేదా అన్నదే చూస్తుంది. మోటారు కాస్త ఆలస్యంగా, ఒక్క ఉదుటున అందుకుంటుంది. ఖరీదైన రకాలలో పాదం ఎంత గట్టిగా నొక్కితే సాయం అంత పెరుగుతుంది.

అలాగని చేతిపిడి వృథా కాదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు, వెనుక పాల క్యాన్లు కట్టుకుని సిగ్నల్ దగ్గర బయలుదేరేవారికి అది గొప్ప ఆసరా. అయితే ఆపి ఉన్న సైకిలు పిడిని పిల్లలు తిప్పితే బండి ముందుకు దూకే ప్రమాదం ఉంది. దిగగానే స్విచ్ ఆపివేయడం అవసరం. బ్రేకు నొక్కగానే మోటారు ఆగుతున్నదో లేదో కూడా కొనేటప్పుడే చూసుకోవాలి.

స్పీడు పెంచితే చిక్కే

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం మోటారు శక్తి 250 వాట్లకు, వేగం గంటకు 25 కిలోమీటర్లకు లోపు ఉండి, గుర్తింపు పొందిన సంస్థ పరీక్షించి ధ్రువీకరించిన బండికే రిజిస్ట్రేషను, లైసెన్సు అక్కర లేదు. పెడల్ అసిస్ట్ అయితే తొక్కడం ఆపినా, 25 దాటినా మోటారు ఆగిపోవాలి. మెకానిక్ చేత ఈ కట్టడి తీయిస్తే అది మోటారు వాహనం కిందికి వస్తుంది. ఆ పైన యాక్సిడెంటు జరిగితే, బీమా లేని బండి నడిపినందుకు నష్టపరిహారం చేతినుంచే కట్టుకోవలసి రావచ్చు.

కనుక దుకాణం ముందు చదును మీద ఒక చుట్టు తిరిగి డబ్బు కట్టేయకుండా, రోజూ వెళ్లే మెట్టను ఒకసారి తొక్కి, మరొకసారి తిప్పి ఎక్కి చూడడం మేలు. కాళ్లలో సత్తువ ఉన్నవారు తొక్కుతూ పోయి, చేతిపిడిని అవసరానికి దాచుకుంటే, ఇంటికి చేరేదాకా బ్యాటరీ తోడుంటుంది.