మామిడి ధర మీద నాటకం రాస్తే..? స్క్రిప్ట్ నుంచి తొలి ప్రదర్శన దాకా ఏం జరుగుతుందంటే..

బంగారుపాళ్యం అనగానే గుర్తొచ్చేది మామిడి మార్కెట్ యార్డు. 2025 సీజన్‌లో తోతాపురి ధర పడిపోయి చిత్తూరు జిల్లా రైతులు రోడ్డెక్కారు. ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు.. కిలోకు మొత్తం 12 అని లెక్క తేల్చినా గొడవ ఆగలేదు. ఇంత డ్రామా ఉన్న కథను ఎవరైనా నాటకంగా రాస్తే? రాయడం ఒక ఎత్తు, దాన్ని మొదటిసారి స్టేజీ ఎక్కించడం ఇంకో ఎత్తు.

నిజానికి ధర మీద పుట్టిన గొప్ప నాటకం తెలుగులో ఇప్పటికే ఉంది. అదే గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’. అక్కడ బేరం పండ్లకు కాదు, ఆడపిల్లలకు. విజయనగరం మహారాజు ఆనంద గజపతి విశాఖ జిల్లాలో ఇలాంటి పెళ్లిళ్ల లెక్క తీయిస్తే, మూడేళ్లలో జరిగినవి 1034 అని తేలింది. వాటిలో 99 మంది పెళ్లికూతుళ్ల వయసు అయిదేళ్లు. ఏడాది పిల్లలు కూడా ముగ్గురున్నారట! ఈ లెక్కలను గురజాడే తన నాటకం ముందుమాటలో రాశారు.

అయితే లెక్కలు చదివితే జనం నాటకం చూడరు కదా. అందుకే లుబ్ధావధాన్లు, గిరీశం, మధురవాణి పుట్టారు. మాటలు కూడా గ్రాంథికంలో కాకుండా ఆ ప్రాంతం జనం మాట్లాడుకునే భాషలోనే రాశారు. 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ దీన్ని తొలిసారి ఆడింది. పుస్తకంగా వచ్చింది 1897లో.

అసలు విషయం ఇక్కడే ఉంది. నాటకం హిట్టయ్యాక కూడా గురజాడ దాన్ని వదల్లేదు. తిరగరాశారు. అయిదంకాలు ఏడయ్యాయి, మధురవాణి పాత్ర బాగా పెరిగింది. ఇప్పుడు మనం చదువుతున్నది 1909 నాటి ఆ రెండో కూర్పే. అంటే తొలి ప్రదర్శనకీ, మనకు తెలిసిన నాటకానికీ మధ్య 17 ఏళ్లు! (ఈ కూర్పును పూర్తిగా ఆడాలంటే చాలా గంటలు పడుతుంది, అందుకే సమాజాలు కుదించి ఆడుతుంటాయి.)

రిహార్సల్‌లోనే తేలిపోద్ది

కాగితం మీద బాగున్న డైలాగ్ నోటికి తిరగకపోవచ్చు. అందుకే ముందు నటులంతా కూర్చుని స్క్రిప్ట్ పైకి చదువుతారు. ఎక్కడ బోర్ కొడుతోందో రచయితకు ఆ రోజే అర్థమైపోతుంది. తర్వాత కదలికలు, లైటింగ్, సంగీతం. ఒక పాత్ర లోపలికెళ్లి డ్రెస్ మార్చుకుని వచ్చేలోపు స్టేజీ ఖాళీగా ఉంటే, దానికోసమే రెండు మాటలు కొత్తగా రాయాల్సి వస్తుంది. ఇలాంటివి ఇంట్లో కూర్చుని రాస్తే తట్టవు. బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులకు ఈ ఇబ్బంది తక్కువ. ఆయన సరస వినోదినీ సభ అనే సొంత సమాజం కోసమే రాసేవారు, తానే వేషం కట్టేవారు.

ఇంకో సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం నాటకాన్ని ప్రదర్శించే హక్కు మొదట రచయితదే. చేతిరాత ప్రతి ఇచ్చేముందు ఎవరు ఆడతారు, ఎన్నిసార్లు ఆడతారు అనేది కాగితం మీద పెట్టుకోవడం మంచిది. మొహమాటంతో చాలామంది ఆ పని చేయరు.

ఇక్కడి ప్రేక్షకుడు అంత ఈజీ కాదు

చిత్తూరు జిల్లాలో నాటకానికి జనం కొత్తేమీ కాదు. ధర్మరాజుల గుళ్ల దగ్గర భారతం మొదలైతే పగలు హరికథ, రాత్రి నాటకం. అర్జునుడు తపస్సు మాను ఎక్కే రోజు, దుర్యోధన వధ రోజు భారతం మిట్ట కిక్కిరిసిపోతుంది. కథ అందరికీ తెలుసు, పద్యం ఎలా తీస్తాడో చూడ్డానికే వస్తారు. కొత్త నాటకానికి ఆ సౌకర్యం లేదు. పాత్రలెవరో, గొడవేంటో మొదటి పది నిమిషాల్లో చెప్పేయాలి. పైగా ఉత్సవానికి ఊరంతా చందా వేసుకుంటుంది, కొత్త నాటకానికి హాలు అద్దె నుంచి మేకప్ దాకా సమాజమే భరించాలి.

మామిడి కథకైతే ఇంకో పరీక్ష కూడా ఉంది. ఇక్కడ ముందు వరుసలో కూర్చునేది మామిడి రైతే. యార్డులో తూకం ఎలా వేస్తారో, లోడుతో ఫ్యాక్టరీ గేటు ముందు ఎన్ని గంటలు నిలబడాలో ఆయనకు తెలిసినంత రచయితకు తెలియదు. ఆ సీన్‌లో ఒక్క మాట తేడా వచ్చినా అక్కడికక్కడే నవ్వేస్తారు.