కంప్యూటర్ల జలశీతలీకరణము: లాభనష్టముల తూనిక

విద్యుత్పరికరమును నీటికి దూరముగ నుంచవలెనని చిన్నతరగతులలోనే బోధింతుము. అట్టిచో కొన్ని కంప్యూటర్ల లోపలికి గొట్టములద్వారా నీటిని పంపుటెందులకని మా పాఠశాలలో తొమ్మిదవ తరగతి బాలు డొకడు ప్రశ్నించెను. ప్రశ్న సమంజసమైనది. దానికి తెలుగున సమాధానము చెప్పుటయే యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

కంప్యూటరు గ్రహించు విద్యుత్తు దాదాపు సర్వమును తుదకు ఉష్ణముగ మారును. దానిని తొలగింపనిచో చిప్పు చెడును. సాధారణముగ పంకాతో గాలి వీచి తొలగింతురు. కాని సమాన ఘనపరిమాణమున నీరు గాలికంటె సుమారు 3,500 రెట్లు ఉష్ణమును మోయగలదు. అందువలననే ఐ.బి.ఎమ్. సంస్థ 1980లో ప్రకటించిన 3081 యంత్రమున నీటి నుపయోగించిరి.

అయినచో నీటిని మిక్కుటముగ పారించిన చాలదా? లెక్క చూతము. 250 వాట్ల ఉష్ణమును నిమిషమునకు 1 లీటరు నీరు కొనిపోవునప్పుడు ఆ నీటి ఉష్ణోగ్రత సుమారు 3.6 డిగ్రీలు పెరుగును. 2 లీటర్లు పారించిన 1.8 డిగ్రీలు. ఆదా రెండు డిగ్రీలకు లోపలనే. ప్రవాహము వడిగా నున్నప్పుడు దానిని రెట్టించిన, పంపు శ్రమ దాదాపు ఎనిమిది రెట్లగును.

చిప్పుపై నమర్చు రాగిపలకలోని కాలువలు సన్ననైన కొలది ఉష్ణము నీటిలోనికి సులభముగ దిగును. 1981లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున టకర్మన్, పీస్ అనువారు అతిసూక్ష్మమైన కాలువలతో చదరపు సెంటీమీటరునకు 790 వాట్లను తొలగించి చూపిరి. కాని సన్నని కాలువకు అధికపీడనము కావలెను. నలుసు పడిన పూడును.

నీరు గ్రహించిన ఉష్ణమును రేడియేటరు మరల గాలికే అప్పగింపవలెను. అది పెద్దదైన పంకా నెమ్మదిగ తిరిగినను చాలును, చప్పుడు తగ్గును. కాని చోటు చాలదు. అల్యూమినియము రేడియేటరు చవుక. అయితే రాగిపలకతో ఒకే నీటిలో కూడినచో అల్యూమినియము క్రమముగ తినివేయబడును.

నీరు ఎంత చల్లనైన అంత మేలనుటయు సరికాదు. మితిమీరి చల్లనైనచో గాలిలోని తేమ గొట్టములపై చెమ్మగ పట్టును. సముద్రతీరమున ఈ భయ మధికము. జర్మనీలో మ్యూనిక్ సమీపమున 2012లో నెలకొల్పిన సూపర్‌మక్ కంప్యూటరునకు సుమారు 40 డిగ్రీల వెచ్చని నీటినే వాడిరి. నీటిని చల్లార్చు యంత్రముల ఖర్చు తగ్గినది. శీతకాలమున ఆ ఉష్ణము భవనములను వెచ్చబరచుటకు పనికివచ్చినది.

ఇక లీకు మాట. శుద్ధజలము విద్యుత్తును మిక్కిలి స్వల్పముగ ప్రసరింపజేయును; లోహములను తాకి తిరిగిన నీరు ఆ శుద్ధిని కోల్పోవును. కావున ప్రతి అతుకును ఒక అపాయస్థానమే. 1990ల నడుమ తక్కువ ఉష్ణమును పుట్టించు చిప్పులు రాగా ఐ.బి.ఎమ్. పెద్దయంత్రములు గాలికి మరలినవి. ఉష్ణము తిరిగి హెచ్చగా 2008 నాటి పవర్ 575 యంత్రమున ఆ సంస్థయే నీటిని మరల ప్రవేశపెట్టెను.

ఆ బాలునకు నేను చెప్పిన సమాధానము ఇదియే: నీటివలని అపాయమును నిర్మాత లెరుగుదురు. గాలి మోయలేనంత ఉష్ణము పుట్టినచోటనే ఆ అపాయమునకు సిద్ధపడుదురు. ఇంటిలోని సామాన్య కంప్యూటరునకు పంకాయే చాలును.