హరికథ, వీధినాటకం, సిట్‌కామ్: ‘ములేనీ’ వైఫల్యంపై ఒక పరిశీలన

1. ప్రవేశిక
చిత్తూరు ప్రాంతంలోని ద్రౌపదీ ధర్మరాజుల ఆలయాలలో జరిగే భారత ఉత్సవాలలో పగలు హరికథ, రాత్రి వీధినాటకం నడుస్తాయి. కథ ఒకటే, హాస్యం పుట్టే తీరు వేరు. హరిదాసు కథను ఆపి, శ్రోతలను నేరుగా పలకరించి, పిట్టకథతో నవ్విస్తాడు. వీధినాటకంలో నవ్వు ప్రధానంగా పాత్రల వాదోపవాదాల నుండి పుడుతుంది. స్టాండప్ కామెడీకి, సిట్‌కామ్‌కు నడుమ భేదం ఇటువంటిదే.

2. వైఫల్య కారణం
అమెరికా స్టాండప్ హాస్యకారుడు జాన్ ములేనీ ప్రధానపాత్ర ధరించిన ‘ములేనీ’ 2014 అక్టోబరులో ఫాక్స్ ఛానల్‌లో ప్రారంభమై, 13 భాగాలతో ముగిసింది. ఆయన వేదికపై చెప్పి మెప్పించిన ఉదంతాలు కొన్ని ఇందులో సన్నివేశాలయ్యాయి. వేదికపై వాటిని నిలిపినవి వక్త స్వరం, విరామం, ఆత్మపరిహాసం. సంభాషణలుగా పంచినప్పుడు తక్కిన పాత్రలు హాస్యోక్తికి సందర్భం అందించేవిగానే మిగిలాయి. ‘సైన్‌ఫెల్డ్’ (1989–98)లోనూ స్టాండప్ ఘట్టాలున్నాయి. అయితే అక్కడి నలుగురు మిత్రులలో ప్రతి ఒక్కరికీ సొంత పంతం ఉంది. తెలుగు ‘అమృతం’లో అమృతరావు, ఆంజనేయులు, ఇంటి యజమాని అప్పాజీల నడుమ హాస్యం నిలిచింది కూడా ఈ కారణంగానే.

3. ముగింపు
కాబట్టి దీనిని నటుని ప్రతిభాలోపంగా కాక, ఒక ప్రక్రియను మరొక ప్రక్రియలోకి మార్చడంలోని లోపంగా గుర్తించడం సమంజసం. పిట్టకథను యథాతథంగా రాత్రి రంగస్థలానికి తరలిస్తే వీధినాటకం కాదు. దానికి ఎదురు నిలిచే పాత్ర కావాలి. టెలివిజన్ హాస్యంపై పరిశోధించేవారు ‘నవ్వు వచ్చిందా’ అనే ప్రశ్నతో ఆగక, ‘ఎవరి నడుమ పుట్టింది’ అని కూడా అడగాలి.