మీ కోడ్ బరువు ఎవరు మోస్తున్నారు?

ఫైనలియర్ ప్రాజెక్టులో మీరు రాసింది 500 లైన్లే కావచ్చు. అది నడవడానికి వెనక ఎన్ని ప్యాకేజీలు పనిచేస్తున్నాయో ఎప్పుడైనా లెక్కేశారా? ‘ఏయే లైబ్రరీలు వాడారు?’ అని ఇంటర్వ్యూలో అడిగితే అందరూ చెబుతారు. ‘వాటిలో ఏది పోతే మీ ప్రాజెక్టు ఆగిపోతుంది?’ అంటేనే తడబడతారు. ఆ జవాబును అంకెల్లో చెప్పడం నేర్చుకుంటే, పదిమందిలో మీరు వేరుగా కనిపిస్తారు.

కనిపించని ఆధారం

దేవరాపల్లి మండలంలోని రైవాడ జలాశయం సంగతే చూడండి. దాని కాలువ కింద సాగుచేసే రైతుకు ఆ నీళ్లు ఎక్కడివో తెలుసు. విశాఖ తాగునీటి వనరుల్లోనూ అదొకటి. కానీ నగరంలో కుళాయి తిప్పేవారిలో చాలామందికి రైవాడ పేరే తెలియకపోవచ్చు. తెలియనంత మాత్రాన ఆధారపడనట్టు కాదు కదా! సాఫ్ట్‌వేర్‌లోనూ అంతే.

2016 మార్చిలో ‘లెఫ్ట్‌ప్యాడ్’ అనే 11 లైన్ల జావాస్క్రిప్ట్ ప్యాకేజీని దాని రచయిత ఎన్‌పీఎం నుంచి తీసేశారు. దాని పేరు కూడా వినని డెవలపర్ల ప్రాజెక్టులు ప్రపంచవ్యాప్తంగా ఇన్‌స్టాల్ కాకుండా నిలిచిపోయాయి. కారణం? వారు వాడే ‘బేబెల్’ వంటి ప్రముఖ టూల్స్ లోలోపల దాని మీద ఆధారపడ్డాయి.

కొలిచేది ఎలా?

క, ఖ, గ అనే మూడు ప్యాకేజీలు ‘చ’ను వాడుతున్నాయనుకుందాం. ‘చ’ ఒక్కటే ‘ట’ను వాడుతోంది.

* నేరుగా వాడేవారి సంఖ్య: ‘చ’కు 3, ‘ట’కు 1. ఇక్కడితో ఆగితే ‘ట’ చిన్నదనిపిస్తుంది.
* పరోక్షంగా వాడేవారితో కలిపి: ‘చ’కు 3, ‘ట’కు 4. అసలు బరువు ‘ట’ మీదే ఉంది.
* పేజ్‌ర్యాంక్: వెబ్ పేజీల ప్రాధాన్యాన్ని తేల్చడానికి గూగుల్ వ్యవస్థాపకులు వాడిన పద్ధతి. ఎంతమంది వాడుతున్నారన్నదే కాదు, వాడేవారి ప్రాధాన్యం ఎంతన్నదీ లెక్కలోకి వస్తుంది.

2021 డిసెంబరులో ‘లాగ్‌ఫర్‌జె’ లోపం బయటపడినప్పుడు ఈ తేడా ప్రపంచానికి తెలిసింది. గూగుల్ బృందం తొలి లెక్క ప్రకారం 35 వేలకు పైగా జావా ప్యాకేజీలు దాని ప్రభావంలో ఉన్నాయి. నేరుగా వాడినవి వాటిలో దాదాపు 7 వేలే! మిగతావన్నీ మధ్యలో ఉన్న ప్యాకేజీల ద్వారా చిక్కుకున్నవే.

ఈ వారమే చేసి చూడండి

1. పైథాన్‌లో ‘పిప్‌డెప్‌ట్రీ’ ఇన్‌స్టాల్ చేసి, మీ ప్రాజెక్టు ఫోల్డర్‌లోని వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో నడపండి. ఏది దేన్ని వాడుతోందో చెట్టులా కనిపిస్తుంది. ‘రివర్స్’ ఆప్షన్ ఇస్తే, ఒక్కో ప్యాకేజీని ఎవరెవరు వాడుతున్నారో తెలుస్తుంది.
2. ఆ వివరాలను జేసన్ రూపంలో తీసుకుని ‘నెట్‌వర్క్‌ఎక్స్’లో గ్రాఫ్ గీయండి. బాణం వాడే ప్యాకేజీ నుంచి, అది వాడుకునే ప్యాకేజీ వైపు ఉండాలి. దిశ తిరగబడితే ఫలితమూ తిరగబడుతుంది.
3. పై మూడు కొలతలూ పక్కపక్కనే పట్టికలో వేయండి. నేరుగా వాడేవారు తక్కువై, పరోక్షంగా వాడేవారు ఎక్కువున్న ప్యాకేజీలను గుర్తించండి.

ఒక జాగ్రత్త: ఈ లెక్క మీ కంప్యూటర్‌లో ఉన్న ప్యాకేజీలకే పరిమితం. ప్రపంచమంతా ఎంతమంది వాడుతున్నారో ఇది చెప్పదు. టెస్టింగ్‌కు మాత్రమే వాడేవాటిని విడిగా లెక్కించండి.

సంఖ్యతోనే సరిపెట్టకండి. దాన్ని చూసుకునేవారు ఎందరో కూడా చూడండి. 2024లో దొంగదారి బయటపడిన ‘ఎక్స్‌జెడ్’ లైనక్స్ వ్యవస్థల్లో విస్తృతంగా వాడేదే. ఏళ్లపాటు దాన్ని ప్రధానంగా నడిపింది ఒక్క వలంటీరే.

కొలువుకు పనికొస్తుందా?

తప్పకుండా. సాఫ్ట్‌వేర్‌లో ఏయే విడిభాగాలున్నాయో తెలిపే జాబితా ‘ఎస్‌బామ్’పై మన సెర్ట్-ఇన్ 2024లో మార్గదర్శకాలు ఇచ్చింది. సెక్యూరిటీ, డెవాప్స్ ఉద్యోగాల్లో ఈ పని తెలిసినవారు అవసరం. కొనుక్కొచ్చిన ప్రాజెక్టు గురించి రెండో ప్రశ్నకే మాట ఆగిపోతుంది. మీ చేత్తో వేసిన ఈ పట్టిక మీద ఎన్ని ప్రశ్నలు అడిగినా మీ దగ్గర జవాబుంటుంది. రెజ్యూమెలో ‘పైథాన్ వచ్చు’ అన్న లైను కింద దీని గిట్‌హబ్ లింకు పెట్టండి.