అర్ధవాహకములలో మలినమునకు గల పట్టు

మలినమనగానే కడిగివేయవలసినదని తలతుము. మా చిద్రి విద్యార్థులకు ఈ పాఠమును బీదరు బిద్రీపనితో ఆరంభింతును. తుత్తునాగములో కొంచెము రాగి కలిపిననేగాని కోటమన్ను పూతకు ఆ పాత్ర నల్లబడదు. అర్ధవాహకములలోను మలినము ఉపకారియే.

సిలికన్ స్ఫటికములో భాస్వర పరమాణువొకటి చేరినచో, దాని అయిదవ బాహ్య ఎలక్ట్రాన్ బంధములలో ఇమడక ఆ దాతను అంటిపెట్టుకొని తిరుగును. దానిని విడదీయుటకు వలయునదే బంధనశక్తి. హైడ్రోజనులో ఇది 13.6 ఎలక్ట్రాన్ వోల్టులు. సిలికన్‌లోని భాస్వరమునకు 0.045, గాలియం ఆర్సెనైడులోని దాతకు సుమారు 0.006 మాత్రమే. స్ఫటికము ఆకర్షణను పలుచన చేయుటయు, ఎలక్ట్రాన్ తేలికైనదానివలె చలించుటయు ఇందుకు కారణములు. దాని కక్ష్యావ్యాసార్ధము సుమారు 100 ఆంగ్‌స్ట్రాములు!

అంతకన్న పలుచని గాలియం ఆర్సెనైడు పొరను, అల్యూమినియము కలిపిన రెండు పొరల నడుమ ఇమిడ్చిన అది క్వాంటం బావి యగును. అందు ఎలక్ట్రాన్ దూరముగా పోజాలక దాత దరినే నిలుచును, బంధనశక్తి పెరుగును. మందమే లేని ఆదర్శతలమున నాలుగింతలగునని గణితము. 1981లో బాస్టార్డ్ గోడలు దుర్భేద్యములని భావించి ఈ లెక్క కట్టెను. వాస్తవమున అవి అట్టివి కావు. పొర మరీ సన్నగిల్లిన, ఎలక్ట్రాన్ గోడలోనికి చొచ్చుకొనిపోవును, పట్టు మరల సడలును. దాత నడుమ గాక అంచున ఉన్నను అంతే.

గది ఉష్ణోగ్రతలో ఉష్ణశక్తి సుమారు 0.026 ఎలక్ట్రాన్ వోల్టులు. నాలుగింతలైనను దాత పట్టు 0.024 దాటదు. కనుకనే ఈ పట్టును కొలువదలచినవారు ద్రవ హీలియముతో స్ఫటికమును చల్లబరుతురు.