వినువారు పెక్కండ్రు, కొనువారేరీ?

విశాఖపట్టణమునకును విజయనగరమునకును నడుమ, గోస్తనీనది చెంత తగరపువలస యున్నది. పేరులో తగరమున్న ఈ ఊరిని తలచినప్పుడు, ధ్వనిని పట్టి అమ్ము వ్యాపారమునకు కూడ తగరముతోనే ఆరంభమను సంగతి గుర్తునకు వచ్చుట సహజము. 1877 లో అమెరికాలో థామస్ ఎడిసన్ మనుష్యుని కంఠధ్వనిని పట్టి తిరిగి పలికించినది పలుచని తగరపు రేకుమీదనే. ఆ రేకు కొన్ని మారులు తిప్పునప్పటికి అరిగి చిరిగిపోయెడిది. తరువాత మైనము వచ్చినది, లక్క వచ్చినది, వినైలు వచ్చినది, చివరకు అల్యూమినియము పూత పూసిన పాలికార్బొనేటు బిళ్ళ వచ్చినది. అన్నిటికంటె మేలైన బిళ్ళ 1999 లో అంగడికెక్కినది. దానిని కొనువారు మాత్రము కొద్దిమందియే యైరి.

ధర ఎక్కువ యని కొందరు, ప్రచారము చాలలేదని కొందరు కారణములు చెప్పుదురు. రెండును కొంతవరకు నిజమే. కాని మంచి బియ్యమునకు నాలుగు రూపాయలు ఎక్కువ యిచ్చుటకు వెనుదీయని గృహస్థుడు మంచి ధ్వనికి ఏల ఈయలేదను ప్రశ్న మిగిలియే యుండును.

ఆ బిళ్ళ పేరు సూపర్ ఆడియో సీడీ. జపానుదేశపు సోనీ, హాలండుదేశపు ఫిలిప్స్ సంస్థలు కలిసి తెచ్చినవి. 1982 లో మామూలు సీడీని తెచ్చినవియు ఈ రెండే. మామూలు సీడీ నాదమును సెకనుకు 44,100 సార్లు తూచి, ప్రతి తూకమును 16 బిట్ల అంకెగా వ్రాసికొనును. క్రొత్తబిళ్ళ సెకనుకు 28,22,400 సార్లు తూచి, తూకమునకు ఒక్క బిట్టు చొప్పున వ్రాసికొనును. దీనికి పోటీగా 2000 లో డీవీడీ ఆడియో అను మరియొక బిళ్ళ బయలుదేరినది. రెంటిలో ఏది నిలుచునో తెలియని చోట కొనువాడు చేతులు ముడుచుకొని కూర్చుండుట లోకస్వభావము. కొన్ని ఏండ్లకు డీవీడీ ఆడియో మరుగున పడినది. గెలిచినదానికిని రాజ్యము దక్కలేదు; పాశ్చాత్య శాస్త్రీయసంగీతమను చిన్న పరగణాలో అది తల దాచుకొన్నది.

ఇన్ని తూకములు ఎందులకు? విద్యార్థులు ముంగిటి ముగ్గును తలచుకొందురు గాక. చుక్కలు చాలకున్న మెలిక తప్పును. చాలినన్ని పెట్టిన తరువాత మరి వేయి చుక్కలు పెట్టినను ముగ్గు అందము పెరుగదు. మనుష్యుని చెవి సెకనుకు 20 మొదలు 20,000 కంపనముల వరకు వినగలదు. ఒక కంపనమును తప్పులేక పట్టుటకు దానికి రెట్టింపుకంటె ఎక్కువ సార్లు తూచిన చాలునని గణితశాస్త్రము చెప్పుచున్నది. ఆ లెక్కకు 44,100 సరిపోవును. పైగా వయస్సు మీరినకొలది చెవి పై స్థాయిలను కోల్పోవును. శాస్త్రీయసంగీతపు బిళ్ళలు కొనువారిలో నెరసిన తలలు మెండు. వారు వినలేని ధ్వనులను వారికే ఎక్కువ ధరకు అమ్మజూచుట ఈ వ్యాపారములోని వింత.

2007 లో అమెరికాలో మేయర్, మోరన్ అను ఇద్దరు ఈ విషయమును పరీక్షించిరి. మేలిరకపు బిళ్ళ ధ్వనిని ఉన్నదున్నట్లు ఒకసారి, సీడీ కొలతకు దింపి ఒకసారి వినిపించి, ఏది ఏదియో చెప్పుడనిరి. 554 పరీక్షలలో సరియైన సమాధానములు 276. నాణెము ఎగురవేసినను సుమారు అంతే వచ్చును. 2016 లో లండనులోని జాషువా రైస్ అను ఆచార్యుడు 18 పరిశోధనలను ఒక్కచోట చేర్చి లెక్కించగా, సరియైన సమాధానములు నూటికి 52 కు కొంచెము పైగా తేలినవి. ప్రత్యేకముగా శిక్షణ పొందిన శ్రోతల విషయములో అది 60 దాక పెరిగినది. తేడా బొత్తిగా లేదనుటకు వీలులేదు. ఉన్నదని అంగడిలో రెట్టింపు ధర అడుగుటకును వీలులేదు.

వెనుకటి మార్పులు ఇట్టివి కావు. లక్కప్లేటు నిమిషమునకు 78 చుట్లు తిరుగునది. పది అంగుళముల ప్లేటు ఒకవైపున మూడు నిమిషములకు కొంచెము మించి పట్టెడిది. గంటసేపు రాగమాలపించు విద్వాంసుడు ఆ మూడు నిమిషములలో రాగచ్ఛాయ చూపి, కృతి పాడి, ముగింపవలసి వచ్చెను. 1948 లో లాంగ్ ప్లే రికార్డు రాగా ఒక్కొక్క వైపున ఇరువది నిమిషములు దొరికినవి. సీడీ వచ్చి గంటకు పైబడిన కచేరిని ప్లేటు త్రిప్పు పని లేకయే వినిపించినది; గీతల గరగర పోయినది. ప్రతి మార్పులోను కొనువాని చేతికి కనబడు లాభమేదో ఒకటి చిక్కినది. సూపర్ ఆడియో సీడీ ఇచ్చిన లాభము కొలమానములకు అందును గాని చేతికి అందదు.

ఈ విషయమును తెలుగువారికి వేరుగా బోధింప నక్కరలేదు. విజయనగరములో 1919 లో స్థాపింపబడిన మహారాజావారి సంగీతకళాశాలకు ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రథమాధ్యక్షులు. ఆ యేటనే అచట ఫిడేలు ఆచార్యులుగా చేరిన ద్వారం వెంకటస్వామినాయుడుగారు 1936 లో అధ్యక్షులైరి. 1964 లో గతించిన ఆయన వాద్యమును ఈనాటి వారు వినుచున్నది పాత ప్లేట్లనుండి, రేడియోవారి ధ్వనిముద్రణలనుండి. వానిలో పై స్థాయిలు లేవు, రొద యున్నది. ఐనను కమాను మీది ఆ పట్టును, స్వరమునుండి స్వరమునకు జారు ఆ నున్నదనమును రొద కప్పలేకపోయినది. మన సంగీతమునకు ప్రాణమైన గమకము స్వరము ఊగు తీరులో నున్నది. అది సీడీ పరిధిలోనే కాదు, లక్కప్లేటు పరిధిలో కూడ ఇమిడినది.

తెలుగు ఇండ్లలో చొచ్చిన రికార్డు ఏదియని అడిగినచో ఎవరైనను ఎం. ఎస్. సుబ్బులక్ష్మిగారి వేంకటేశ సుప్రభాతమునే చెప్పుదురు. హెచ్.ఎం.వి. వారు దానిని 1963 లో వెలువరించిరి. గ్రామఫోను లేనివారు కోవెల మైకులో వినిరి, రేడియోలో వినిరి, పిమ్మట క్యాసెట్టు కొనుక్కొనిరి. తరువాత అదే గాయనిచేత తిరుమల తిరుపతి దేవస్థానమువారి ప్రోత్సాహముతో అన్నమాచార్యుల సంకీర్తనలతో కూడిన బాలాజీ పంచరత్నమాల, ఐదు లాంగ్ ప్లే రికార్డులుగా వచ్చినది. తెల్లవారుజామున దీపము వెలిగించునప్పుడు వినదగినది ఒకటి కావలెను, అందులకు కొనిరి. దాని కొలతలు ఏమని దుకాణదారును అడిగిన కొనుగోలుదారు ఉండియుండడు.

క్యాసెట్టు ధ్వని లాంగ్ ప్లే ధ్వనికంటె తక్కువరకము. ఐనను అదే గెలిచినది. చౌక, చిన్నది, ఇంటిలోనే మరియొక ప్రతి చేసికొనవచ్చును. తరువాత వచ్చిన ఎంపీత్రీ ఇంకను పలుచన. అదియు గెలిచినది. సూపర్ ఆడియో సీడీ ఇందుకు నేరుగా ఎదురు త్రోవ తొక్కినది. దొంగప్రతులకు వెరచి కంపెనీలవారు ఆ బిళ్ళలోని మేలిపొరను కంప్యూటరు చదువలేనట్లు తాళము వేసిరి. డబ్బిచ్చి కొన్నవాడు తన పాటను తన ఫోనులోనికి ఎక్కించుకొన లేకపోయెను. దొంగకు వేసిన తాళము గృహస్థునే గడప వెలుపల నిలిపినది. కొందరు తయారీదారులు ఒకే బిళ్ళలో మామూలు సీడీ పొరను కూడ చేర్చి ఇచ్చిరి. అది మామూలు యంత్రములో చక్కగా పలుకుటచే, కొన్నవారు క్రొత్త యంత్రము జోలికే పోలేదు. ఇక ఈ యంత్రము మన జిల్లాలలోని ఇండ్లలో ఎన్నడును పరిచితవస్తువు కాలేదు. జాతీయరహదారి ప్రక్కన లారీల హోరులో, చెవిలో దూర్చుకొన్న తీగలేని గొట్టముతో వినువానికి 24 బిట్లైన నేమి, 16 బిట్లైన నేమి? ఆ గొట్టములలో పెక్కింటికి చేరులోపలనే ధ్వని కుదింపబడిపోవును.

2021 లో ఆపిల్ సంస్థ తన సంగీతసేవలో మేలిరకపు ధ్వనిని అదనపు రుసుము లేకుండ ఇచ్చుటకు మొదలిడినది. కంపెనీలు ఎక్కువ ధరకు అమ్మదలచిన సరుకు కొసరుగా మారినది. ఇందులో శాస్త్రీయసంగీతమునకు వేరొక దెబ్బ కూడ కలదు. ఇట్టి సేవలలో చెల్లింపు సాధారణముగా వినిన సారులనుబట్టియే గాని నిమిషములనుబట్టి కాదు. మూడు నిమిషముల సినిమాపాటయు, నలువది నిమిషముల రాగం తానం పల్లవియు ఒక్కొక్క వినికిడిగానే లెక్కకు వచ్చును. లక్కప్లేటు కాలపు మూడు నిమిషముల కొలత పోయినదనుకొన్నాము. అది వేరొక వాకిటినుండి తిరిగి వచ్చినది. బిళ్ళలు అమ్ముడుపోక, సేవలనుండి రాబడి చాలక, క్రొత్త విద్వాంసుని మంచి మందిరములో ముద్రించు ఖర్చు ఎవరు భరింతురు?

మన కర్ణాటక సంగీతపు ముద్రణలలో లోపములు బిట్ల కొరతవలన కలిగినవి కావు. మృదంగము గాత్రమును మ్రింగివేయును. తంబురా శ్రుతి వినబడదు. సభలోని ఫంకాల చప్పుడు, దగ్గులు, కుర్చీల కిరకిర మైకులోనికి దూరును. దీనిని సెకనుకు ఎన్ని లక్షల సార్లు తూచినను ఫలమేమి? నీళ్లుకలిసిన పాలను పెద్ద గుండిగలో పోసినంత మాత్రమున చిక్కబడవు. మైకును ఎచట నిలుపవలెనో తెలిసిన ఒక్క మనిషి ఈ బిళ్ళలన్నిటికంటె ఎక్కువ మేలు చేయును. అట్టివానికి జీతము దొరకు చోటు తగ్గుచున్నది.

పాశ్చాత్యదేశములలో ఈ మేలిబిళ్ళను విడువక పట్టుకొన్న చిన్నసంస్థల కథ కొంత వినదగినది. ఫిలిప్స్ సంస్థలో పనిచేసినవారు 2001 లో పెంటాటోన్ అను సంస్థను పెట్టిరి. స్వీడనులో 1973 నుండి బిస్ అను సంస్థ యున్నది. రెండును ఓపికతో, శ్రద్ధతో ముద్రించిన పేరు గన్నవి. బిస్‌ను 2023 లో ఆపిల్ కొన్నది. పెంటాటోన్‌ను 2022 లో కొన్నది వ్యాపారసంస్థ కాదు. శాన్‌ఫ్రాన్సిస్కో నగరములోని సంగీతకళాశాల. అంగడిలో నిలువలేని పనికి బడి నీడనిచ్చినది.

విజయనగరము కళాశాల నూరేండ్లు దాటినది. ఘంటసాల, పి. సుశీల మొదలగువారు చదివిన చోటది. ఆ పరిసరములలోని పాత లక్కప్లేట్లు ఎన్ని అటకలమీద, ఎన్ని పెట్టెలలో ఉన్నవో వానిని వెదకి, ధ్వనిని తీసి భద్రపరచవలెను. మేలిరకపు కొలతకు నిజమైన ఉపయోగమున్నది ఇచటనే. ధ్వనిభండారములవారి అంతర్జాతీయసంఘము పాతప్లేట్లను ఎక్కించునప్పుడు 24 బిట్లు, సెకనుకు 96,000 తూకములు వాడుట మేలని చెప్పుచున్నది. గీత చప్పుడును సంగీతమునుండి వేరుచేయువానికి ఆ ఎక్కువ చుక్కలు పనికివచ్చును. లక్క పెళుసుది. చేయి జారిన పగులును, వేడికి వంగును, సూది తగిలినకొలది అరుగును. అటక దించునాటికి ఎన్ని ప్లేట్లు అతుకు లేక మిగిలియుండునో, అన్నియే మిగులును.