గవ్వ అందం, కాటు గండం!

తోటపల్లి గూడూరు మండలం కోడూరు బీచ్‌లో గవ్వలేరే పిల్లలూ, పెద్దలూ! మన బంగాళాఖాతంలో విషబాణం వేసే నత్తలున్నాయని మీకు తెలుసా? వాటి పేరు శంకు నత్తలు, ఇంగ్లిషులో కోన్ స్నెయిల్స్.

మీకు తెలుసా? ప్రపంచంలో ఇవి 800 జాతులకు పైనే. అన్నీ వేటగాళ్లే! వానపాముల్లాంటి సముద్రపు పురుగులు కొన్నింటికి విందు, సాటి నత్తలు కొన్నింటికి, చేపలు కొన్నింటికి. శాకాహారి ఒక్కటీ లేదు!

మీకు తెలుసా? శంకు నత్త పన్నే బాణం. లోపల బోలు, నిండా విషం. చేపల్ని వేటాడే నత్త దాన్ని విసిరితే సెకనులో వెయ్యో వంతు కూడా పట్టదు. మీ రెప్ప పడేలోపే చేప పని సరి!

మీకు తెలుసా? ఒక బాణం ఒక్క వేటుకే. అది వాడేశాక పొదిలోంచి మరొకటి రెడీ. అర్జునుడి అక్షయ తూణీరమే!

మీకు తెలుసా? కోనస్ జియోగ్రాఫస్ అనే నత్త విషంలో ఇన్సులిన్ ఉందని 2015లో కనిపెట్టారు. రక్తంలో చక్కెర పడిపోయి చేప ఈదలేక సోలిపోతుంది. ఒకరికి మందు, ఇంకొకరికి ముప్పు!

మీకు తెలుసా? ఆ నత్తే మనుషుల ప్రాణాలూ తీసింది. విరుగుడు మందు ఇప్పటికీ లేదు. గవ్వను ఏ కొసన పట్టుకున్నా బాణం విసిరే తొండం అటే వంగగలదు. బతికున్న శంకు గవ్వ కనిపిస్తే చూడండి, మురిసిపోండి, ముట్టుకోకండి!

మీకు తెలుసా? 1650లో చిత్రకారుడు రెంబ్రాంట్ ఓ శంకు గవ్వ బొమ్మను రాగిరేకు మీద ఉన్నదున్నట్టు గీశాడు. అచ్చులో దాని చుట్టు తిరగబడింది. సంతకం మాత్రం సరిగ్గా పడింది!

మీకు తెలుసా? 1796లో నెదర్లాండ్స్ వేలంలో ఓ శంకు గవ్వ ధర, అక్కడే అమ్ముడైన చిత్రకారుడు వెర్మీర్ బొమ్మకు ఐదు రెట్ల పైనే. ఇవాళ ఆ బొమ్మకు వెల కట్టగలరా?

మీకు తెలుసా? కోనస్ అమాడిస్ అనే శంకు నత్త మన దేశపు సముద్రంలోనూ ఉంది. దాని విషంలోని ఓ పదార్థం నాడీకణాల సోడియం ద్వారాల మీద పనిచేస్తుందని 2003లో బెంగళూరు ఐఐఎస్‌సీ శాస్త్రవేత్తలు తేల్చారు. శభాష్!

మీకు తెలుసా? కోనస్ మేగస్ విషం నమూనాగా తయారైన నొప్పి మందు జికోనోటైడ్‌కు 2004లో అమెరికా అనుమతిచ్చింది. మార్ఫిన్‌కు సుమారు 1000 రెట్ల శక్తి! నేరుగా వెన్నులోకే ఎక్కిస్తారు.

మీకు తెలుసా? కోనస్ మిల్నెఎడ్వర్డ్‌సీకి 2001 నుంచి మన వన్యప్రాణి చట్టం రక్ష ఉంది. పులితోపాటు నత్తకూ కాపలా! ఉండాలి మరి, రేపటి మందు ఏ నత్త కడుపులో దాగుందో ఎవరికెరుక?